ప్లకార్డులు సరే, పిల్లల చేతికి పని ఎప్పుడిస్తారు?

వానాకాలం మొదలైతే ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక తంతు తప్పదు. హైస్కూలు పిల్లలు రెండు వరుసల్లో బజారు వెంట నడుస్తారు. ముందు హెడ్మాస్టరు, పక్కన ఏఎన్‌ఎం, చేతుల్లో దోమల బొమ్మల ప్లకార్డులు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. వాళ్లు నినాదాలిస్తూ దాటిపోయిన వీధిలోనే ఇంటింటి ముందూ మూతలేని నీళ్ల డ్రమ్ములుంటాయి. ఒక్కరూ ఆగి లోపలికి తొంగి చూడరు. చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

పథకాలకు కొదవ లేదు. 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఊళ్లోని ఆడపిల్లల్లో, మగపిల్లల్లో కొందరికి శిక్షణనిచ్చి, తోటి వయసువాళ్లకు ఆరోగ్య విషయాలు చెప్పించాలంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం పాఠశాల ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. బడికి ఇద్దరు టీచర్లకు తర్ఫీదు, వారానికో గంట పాఠం, పిల్లలే సందేశవాహకులు అన్నది దాని ఏర్పాటు. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ పిల్లలకు మనం మాటలే ఇస్తున్నాం, పని ఇవ్వడం లేదు.

ఆ డ్రమ్మునే తీసుకుందాం. డెంగీని మోసే ఏడిస్ దోమ నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి చావవు. నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. కాబట్టి ఒంపేస్తే సరిపోదు, పీచుతో గోడ రుద్ది కడిగి ఆరబెట్టాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీచేసి ఆరబెట్టే శుక్రవారం డ్రై డే పెట్టింది ఆ చక్రాన్ని మధ్యలోనే తెంచడానికి. ఈ నాలుగు ముక్కలూ తెలిసిన తొమ్మిదో తరగతి అమ్మాయికి ఒక టార్చి, ఒక నోటు పుస్తకం ఇచ్చి తన వాడలో ఇరవై ఇళ్లు అప్పగించండి. ఎన్ని ఇళ్లలో లార్వా, అంటే నీళ్లలో కదిలే దోమ పిల్ల పురుగు, కనిపించింది, పోయిన వారం ఎన్ని, ఈ వారం ఎన్ని అని రాసుకుంటుంది. వైద్యశాఖ కీటక విభాగం లెక్కగట్టేదీ ఇదే. లెక్కల మాస్టారికి శాతాలు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పాముకాటు సంగతి ఇంకా అత్యవసరం. పత్తి చేలల్లో, ధాన్యం కుప్పల దగ్గర పనిచేసే ఇళ్లలో ఆ భయం ఏటా ఉండేదే. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. గాటు సరిగా కనిపించదు, నొప్పీ పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదేమో అనుకుని వాము నీళ్లిస్తారు. ఆ లక్షణాలను ఒక్కసారి విన్న పిల్లవాడు ఇంట్లో ఉంటే 108కి ఫోను వెళుతుంది. తాడు బిగించకుండా, గాటు కోయకుండా, పసరు మందు కోసం తిరగకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళతారు. విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

పిల్లలు చెబితే పెద్దలు వింటారా? నీతులు చెబితే వినరు. బీడీ మానేయమని మనవడు తాతకు ఉపన్యాసమిస్తే, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని నవ్వేస్తారు. అదే మనవడు నానమ్మ బీపీ మాత్రల షీటు చూసి, నెలాఖరు రాకముందే అయిపోతున్నాయని గుర్తుచేస్తే ఎవరూ కాదనరు. చదవడం, రాసుకోవడం, ఫోను చేయడం మన పల్లెల్లో చాలా ఇళ్లలో పిల్లల పనే. శిక్షణ అక్కడ మొదలుకావాలి.

అసలు చిక్కు అవతలి కొసన, పిల్లల మాటకు జవాబు చెప్పాల్సిన వాళ్ల దగ్గర ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణ మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత కనిపించింది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పరగడుపున మింగి, కడుపులో తిప్పిందని మానేసే ఆడపిల్లలుంటారు. అన్నం తిన్నాక వేసుకోవాలని, టీతో కలిపితే ఒంటికి పట్టదని, మలం నల్లగా వస్తే భయపడనక్కర్లేదని తోటి అమ్మాయి చెబితే మళ్లీ వేసుకుంటారు. తీరా అప్పుడు మాత్రల సరఫరా ఆగిపోతే? చెప్పిన అమ్మాయి మాట పోతుంది. మరోసారి ఆమె నోరు తెరవదు. పిల్లలు రాసిన ప్రతి సమస్యకూ ఏఎన్‌ఎమ్మో పంచాయతీయో జవాబివ్వాలన్న నియమం లేకుండా ఈ శిక్షణలు పెట్టడం దండగ.

జవాబు చెప్పాల్సినవాళ్లలో బడి కూడా ఉంది. ఉత్తర తెలంగాణలో చురుకైన పిల్లలెందరో గురుకులాల్లో ఉన్నారు. వాళ్లకు ఊరు సెలవుల్లోనే కనిపిస్తుంది, ఏడాదంతా హాస్టలే ఊరు. అక్కడి ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో, మరుగుదొడ్డిలో సబ్బు ఎందుకు లేదో అడిగే హక్కివ్వకుండా, ఊళ్లోకెళ్లి పరిశుభ్రత బోధించమనడం ఏం న్యాయం? ఫుడ్ పాయిజనింగ్ వార్తలు వచ్చిన ప్రతిసారీ ముందుగా తెలిసినవాళ్లు అక్కడ తిన్న పిల్లలే. నాకు తెలిసి చాలామంది అధికారులకు నినాదాలిచ్చే పిల్లలు కావాలి, అడిగే పిల్లలు అక్కర్లేదు.

హద్దులూ ఉండాలి. ఆశ కార్యకర్త చేయాల్సిన పనిని జీతం లేకుండా పిల్లలతో లాగించకూడదు. ఎవరింట్లో టీబీ ఉంది, ఎవరి తండ్రి తాగుతాడు అన్నవి ఆ నోటు పుస్తకంలోకి ఎక్కకూడదు. పదో తరగతిని వదిలేయాలి, ప్రత్యేక తరగతులతో వాళ్లకు ఊపిరే సలపదు. ఎనిమిది, తొమ్మిది సరైన వయసు.

నేర్పేవాళ్ల కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. వరంగల్‌లో 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఉంది. శిక్షణలో ఉన్న కొత్త డాక్టర్లు, అంటే ఇంటర్న్‌లు, జనారోగ్యం చూసే కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో కొంతకాలం పనిచేయాల్సిందే. అందులో కొన్ని పూటలు దగ్గరి ఉన్నత పాఠశాలలకు కేటాయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలవారీ సమీక్ష జరిగిన రోజున పిల్లల నోటు పుస్తకాలు తెప్పించి, ఏ సమస్యకు ఏం చేశారో దాని పక్కనే మెడికల్ ఆఫీసరు రాసి సంతకం పెట్టాలి.