ప్రాజెక్టు పని గారికి తెలుగు సారు రాయునది

మహారాజశ్రీ ప్రాజెక్టు పని గారికి,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం రెండు పీరియడ్లు, ఆపైన స్టాఫ్ రూంలో చీకటి పడేదాకా మీ సేవలోనే ఉన్నాను. పదో తరగతి, రెండో నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్‌ఏ-2). మీ ఊరి పెద్దలు వాడే సామెతలు సేకరించి నివేదిక రాయండి అన్నాం. 41 మందిలో 40 మంది నివేదికలు తెచ్చారు. 36 నివేదికల్లో అవే సామెతలు, అదే వరుస, అదే గులాబీ బార్డరు. అన్నిట్లోనూ 'అడుసు తొక్కనేల' కాస్తా 'అరుసు తొక్కనేల' అయింది. బస్టాండు పక్క జిరాక్సు షాపులో మీ పేరు చెబితే పది రూపాయలకి ఇస్తాడట. మా ఊరి పెద్దలంతా ఆ మిషన్లోనే కాపురముంటున్నారు కాబోలు.

ఎఫ్‌ఏలో మీ ముగ్గురు తోబుట్టువులతో నాకు పెద్ద పేచీ లేదు. లఘుపరీక్ష గంటలో పోతుంది. రాతపనులకి గైడుంది, పుస్తక సమీక్షకి పక్కవాడి నోటుబుక్కుంది. పబ్లిక్ పరీక్షకి 80 మార్కులు, మీ నలుగురికీ 20. సర్దుకుపోతున్నాం.

2009 విద్యాహక్కు చట్టంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నప్పుడు బట్టీ పోతుందని సంబరపడ్డవాణ్ణే. పోయింది. బట్టీ కొట్టినవాడికి కనీసం నోరు తిరిగేది.

ఒక్క పిల్ల మాత్రం ఉత్త చేతుల్తో వచ్చింది. "కాయితం లేదు సార్. నాయనమ్మ చెప్పినయి యాదికున్నయి, చెప్పాల్నా?" అంది. ఏడు చెప్పింది. ఏ సామెతతో నాయనమ్మ ఎవర్ని తిట్టిందో కూడా అభినయించి చూపించింది. క్లాసంతా పడీపడీ నవ్వింది. విద్యాప్రమాణాల్లో వ్యక్తీకరణ, సృజనాత్మకత అని రాసుకున్నది దీన్ని కాకపోతే దేన్నండీ?

కానీ మేం వేసిన మార్కులు సరిచూసే మోడరేషన్ బృందం కాయితం అడుగుతుంది, పిల్లని పిలవదు. జిరాక్సులకి ఐదుకి ఐదు, ఈమెకి సున్నా. సిగ్గులేదూ నీకు? భాష నేర్పమని నన్ను పెట్టి, నోరు విప్పిన పిల్లనే దండించమంటావా?

బృందం రేపు పొద్దున్నే వస్తోంది. రాత్రి కూర్చుని ఆ పిల్ల నివేదిక నేనే రాశాను, దస్తూరీ పట్టుబడకుండా ఎడంచేత్తో. నవ్వుతూ విన్నానేగానీ రాసుకోలేదు, నాలుగే గుర్తొచ్చాయి. మిగతా మూడూ జిరాక్సులోంచి ఎక్కించాను, 'అరుసు'తో సహా.

ఇట్లు,
మీ తెలుగు సారు