అర్ధరాజ్యం, రాకుమారి, తెగిపోయిన కుడిచెయ్యి

మన జానపద కథల్లో సాహసం చేసినవాడికి చివర్లో దక్కేవి రెండే, అర్ధరాజ్యం, రాకుమారి. చందమామ సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఏడు సముద్రాలు దాటి, చిలకలో ఉన్న మాంత్రికుడి ప్రాణం తీసి తిరిగొచ్చాక పెళ్ళి, పట్టాభిషేకం, ఇక కథ కంచికి. ఆ మర్నాడు ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. మామగారి సేనాపతి ఈ కొత్త అల్లుడి మాట విన్నాడా, కొలువులో పెద్దలు వెనకాల నవ్వుకున్నారా, వంటింట్లో ఎవరైనా భోజనంలో ఇసుక కలిపారా?

అమెరికన్ రచయిత్రి మెగన్ వేలన్ టర్నర్ రాసిన 'క్వీన్స్ థీఫ్' సిరీస్ నాకు నచ్చడానికి మొదటి కారణం ఆ మర్నాటి గురించి రాయడమే. 1996లో 'ద థీఫ్'తో మొదలైంది, 2020లో 'రిటర్న్ ఆఫ్ ద థీఫ్'తో ముగిసింది. మొత్తం ఆరు పుస్తకాలు. అంటే మొదటిది చదివిన పన్నెండేళ్ళ పిల్ల చివరిది చదివేసరికి ముప్ఫై ఆరేళ్ళది అయ్యుంటుంది. మొదటి పుస్తకానికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ కూడా వచ్చింది. మలుపులన్నీ కింద చెప్పేస్తున్నాను, ఇంకా చదవనివాళ్ళు, చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగిపోతే మంచిది. ఈ సిరీస్‌లో మలుపు ముందే తెలిస్తే సగం మజా పోతుంది.

కథ జరిగే చోటు పాత గ్రీసులా ఉంటుంది. ఆలివ్ తోటలు, కొండలు, సముద్రం, రచయిత్రి స్వయంగా అల్లిన దేవతల కథలు. కానీ పూర్తిగా ప్రాచీన కాలం కూడా కాదు, ఫిరంగులున్నాయి, తుపాకులున్నాయి, గడియారాలున్నాయి. మంత్రదండం తిప్పేవాళ్ళు ఎవరూ లేరు. సూనిస్, ఎడ్డిస్, అట్టోలియా అని మూడు చిన్న రాజ్యాలు ఒకదాన్నొకటి నమ్మకుండా కొట్టుకుంటుంటాయి, పక్కనే మీడ్ సామ్రాజ్యం వీటిని ఎప్పుడు మింగుదామా అని చూస్తుంటుంది. గ్రీకు నగర రాజ్యాలు, పారశీక సామ్రాజ్యం గుర్తొస్తే అది మీ తప్పు కాదు. ఇక్కడ పాలించేవాళ్ళని దేశం పేరుతోనే పిలుస్తారు, అట్టోలియా రాణి పేరు కొలువులో అట్టోలియానే. సింహాసనం ఎక్కినవాళ్ళకి సొంత పేరు కూడా మిగలదన్నమాట.

మొదటి పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. సూనిస్ జైల్లో ఉన్న జెన్ అనే కుర్ర దొంగని, ఆ రాజు దగ్గరున్న మేగస్ అని పిలిచే పండితుడు బయటికి తీసి, ఒక పురాతన రాయిని దొంగిలించడానికి వెంట తీసుకెళ్తాడు. ఆ రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి ఎడ్డిస్ సింహాసనం మీద హక్కు. దారి పొడవునా జెన్ తిండి బాలేదని, గుర్రం బాలేదని సణుగుతూనే ఉంటాడు. కథ చెప్పేది అతనే. చివరికి తెలిసేదేమిటంటే, వాడు వీధి దొంగ కానే కాదు, ఎడ్డిస్ రాణికి బంధువు, ఆమె ఆస్థాన దొంగ, అసలు పేరు యూజెనిడిస్, జైల్లో పడింది కూడా కావాలనే. పాఠకుడికి ఎక్కడా అబద్ధం చెప్పడు, చెప్పాల్సింది చెప్పకుండా వదిలేస్తాడంతే. సగం దాకా నడక నెమ్మదిగా ఉంటుందన్నది నిజం, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. పిల్లలకి కొనిచ్చేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది.

రెండో పుస్తకం 'ద క్వీన్ ఆఫ్ అట్టోలియా' మొదట్లోనే యూజెనిడిస్ పట్టుబడతాడు. అట్టోలియా రాణి అతని కుడిచెయ్యి నరికిస్తుంది.

టీనేజ్ ఫాంటసీలు కొన్ని చదివిన వాళ్ళెవరికైనా ఈ చోట ఒక ఆశ పుడుతుంది. ఏదో దేవత ఆ చెయ్యి తిరిగి ఇస్తుంది, లేకపోతే వెండి చెయ్యి ఏదో మొలుస్తుంది, అదీ కాకపోతే ఎడమచేత్తో మునుపటికంటే గొప్ప దొంగ అయిపోతాడు అని. ఇవేవీ జరగవు. పీడకలలు వస్తాయి, గది తలుపేసుకుని కూర్చుంటాడు, ఎవరితోనూ మాట్లాడడు, ఆ ఒక్క చెయ్యి కారణంగా రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైపోయిందన్న సంగతి కూడా చాలాకాలం అతని తలకెక్కదు. ఇంకో నాలుగు పుస్తకాలు ఉన్నాయి, నాలుగింట్లోనూ ఆ చెయ్యి లేదు. కొక్కెం తగిలించుకుంటాడు, అది నొప్పి పెడుతుంది. బొత్తాం పెట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. నా లెక్కలో ఈ సిరీస్‌ని మిగతా రాజుల ఫాంటసీల నుంచి విడదీసేది ఇదే, ఇందులో పోయింది తిరిగి రాదు. మామూలుగా ఈ తరహా కథల్లో త్యాగం అంటే తాకట్టు లాంటిది, చివరి అధ్యాయంలో వడ్డీతో సహా విడిపించుకోవచ్చు. టర్నర్ దగ్గర ఆ పప్పులుడకవు.

ఇక అసలు గొడవ. చెయ్యి నరికించిన ఆ రాణినే అతను పెళ్ళి చేసుకుంటాడు. బలవంతం మీద కాదు, ప్రేమతో. చిన్నప్పుడెప్పుడో ఆమె తోటలో ఒంటరిగా నాట్యం చేస్తుంటే చాటుగా చూశాడట, అప్పటినుంచీ ప్రేమట. ఈ మాట వినగానే పుస్తకం విసిరేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. హింసని ప్రేమ పేరుతో కడిగేయడం మన సినిమాల్లో చూసీ చూసీ విసిగిపోయాం కదా, చెంపదెబ్బ కొట్టినవాడే హీరో అయ్యే కథలు మనకేం తక్కువ? ఇక్కడ కొట్టింది ఆడది కాబట్టి ఫరవాలేదనడం కూడా న్యాయం కాదు.

అయినా నేను ఈ పెళ్ళి పక్షమే, కొంచెం ఇబ్బంది పడుతూనే. అట్టోలియా ఎలాంటి పరిస్థితిలో ఆ పని చేసిందో పుస్తకం దాచదు. చిన్న వయసులో సింహాసనం మీదికొచ్చిన పిల్ల, బలవంతాన అంటగట్టిన పెళ్ళికొడుకుని విషంతో చంపేసి, తిరగబడ్డ సామంతుల్ని అణిచి, భయం ఒక్కటే ఆయుధంగా దేశాన్ని పట్టుకుని నిలబడింది. కొలువులో మెత్తగా కనిపించిన రోజు తనకి ఆఖరి రోజు. అలాంటి మనిషికి క్షమాపణ చెప్పుకునే సౌకర్యం కూడా ఉండదు. రచయిత్రి ఆమెని వెనకేసుకుని రాదు, ఆ తప్పు తప్పుగానే ఉంటుంది, పెళ్ళయ్యాక కూడా ఆ ఇద్దరి మధ్య అది కూర్చునే ఉంటుంది. అతను నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు పక్కనుండేది ఆ చెయ్యి తీయించిన మనిషే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నా ఫిర్యాదు వేరే ఉంది. ప్రేమ సంగతి పాఠకుడికి అంత ఆలస్యంగా చెప్పడం వల్ల మొదటిసారి చదివేటప్పుడు అది ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. రెండోసారి చదివితే ముందు పేజీల్లో ఆనవాళ్ళు దొరుకుతాయి, సరే, కానీ ఒక నవల మొదటిసారికే నిలబడాలి కదా.

మూడోది, 'ద కింగ్ ఆఫ్ అట్టోలియా', 2006లో వచ్చింది. ఆరింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే. మొదలవడమే కాస్టిస్ అనే మామూలు సైనికుడు కొత్త రాజుని మొహం మీద గుద్దడంతో మొదలవుతుంది. ఉరి ఖాయం అనుకుంటాడు. రాజు ఉరి తీయించడు, పదోన్నతి ఇచ్చి తన పక్కనే పెట్టుకుంటాడు, రోజూ పొద్దున్నే కత్తిసాములో ఓనమాల దగ్గర్నించి చేయిస్తూ వాణ్ణి చంపుకు తింటాడు. కథ చాలావరకు ఈ కాస్టిస్ పక్కన నిలబడి చూస్తాం. అతని కళ్ళకి రాజు ఒక పనికిమాలిన కుర్రాడు, మంత్రాంగం జరుగుతుంటే నిద్రపోతాడు, కళ్ళు చెదిరే బట్టలేసుకుంటాడు, కుళ్ళు జోకులేస్తాడు. సేవకులు భోజనంలో ఇసుక వేస్తారు, పక్కలో పాము పెడతారు, అతను కిక్కురుమనడు. దేశమంతా 'మా రాణి ఈ దొంగ వెధవని ఎలా కట్టుకుందిరా' అని ఏడుస్తుంటుంది. యూజెనిడిస్ అంటే ఏమిటో రెండు పుస్తకాలు చదివి వచ్చిన మనకి తెలుసు, అట్టోలియాలో ఎవరికీ తెలీదు, ఆ తేడాలోనే మొత్తం పుస్తకం నడుస్తుంది.

ఇందులో ఒక చిన్న ఘట్టం ఉంది. రాజు గదిలో ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చుని గంటల తరబడి బయటికి చూస్తుంటాడు, అక్కడ చూడటానికి ఏముందో కాస్టిస్‌కి అర్థం కాదు. తర్వాత తెలుస్తుంది, ఆ కిటికీ ఎడ్డిస్ వైపు ఉంది. పుట్టినూరి మీద బెంగ. దేశాన్ని, రాణిని గెలుచుకున్నవాడు ఇంటికి వెళ్ళలేడు, ఇక ఎప్పటికీ వెళ్ళలేడు, ఎందుకంటే ఇప్పుడు అతను పొరుగు దేశపు రాజు. పెళ్ళి చేసుకుని డల్లాసుకో మెల్‌బోర్న్‌కో వెళ్ళిన మనవాళ్ళకి ఈ పేజీ విడమర్చి చెప్పాల్సిన పని లేదనుకుంటా. అతనికి రాణి కావాలి, రాజ్యం అక్కర్లేదు. కానీ రెండూ కలిపే ఇస్తారు, విడివిడిగా ఇవ్వరు. మన కథల్లో బహుమతిగా ఇచ్చే అర్ధరాజ్యం ఇక్కడ మెడకి చుట్టుకున్న పని. హత్యాయత్నం జరిగినప్పుడు తోటలో ఒంటిచేత్తో ముగ్గుర్ని మట్టి కరిపించాక కూడా, నేను బతికున్నానన్న సంతోషం కంటే ఇక దాక్కోవడం కుదరదన్న చిరాకే అతనిలో ఎక్కువ కనిపిస్తుంది.

నాలుగో పుస్తకంలో ఇదే సంగతి సోఫోస్ మీద నడుస్తుంది. సూనిస్ సింహాసనానికి వారసుడు, కవిత్వమంటే ఇష్టం, కత్తి అంటే భయం. ఎత్తుకుపోయి బానిసగా అమ్మేస్తే, పొలంలో రాళ్ళు మోస్తూ రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతాడు. అక్కడే ఉండిపోదామా అని నిజంగానే ఆలోచిస్తాడు. వెళ్ళి రాజవుతాడు, ఎలా అవుతాడంటే, సామంతులు సమావేశమై తనకి వ్యతిరేకంగా ఓటేస్తే తుపాకి తీసి కాలుస్తాడు. చదివి చాలాసేపు ఇబ్బంది పడ్డాను. మంచివాడు, మర్యాదస్తుడు, అందరూ ఒప్పుకుంటేనే పాలిస్తానన్నవాడు, ఓటు ఓడిపోగానే ట్రిగ్గర్ నొక్కితే మనం చప్పట్లు కొట్టాలా? రచయిత్రి తీర్పు చెప్పదు. సోఫోస్ కూడా గర్వపడడు. ఇది రాచరికం, దీని పునాది ఇదే అని అంత నిక్కచ్చిగా చెప్పిన టీనేజ్ నవల ఇంకోటి నాకు తగల్లేదు. కిరీటం పెట్టుకోగానే మంచి రాజు పాలన అదే వచ్చేస్తుందని నమ్మించే కథల మధ్య ఇది కాస్త చేదుగానే ఉంటుంది.

ఐదోది, 'థిక్ ఆజ్ థీవ్స్', కామెట్ అనే బానిస గుమాస్తా చెప్పే కథ. మీడ్ సామ్రాజ్యంలో ఒక పెద్దమనిషి దగ్గర లెక్కలు, ఉత్తరాలు, ఎస్టేటు వ్యవహారాలు అన్నీ ఇతనే చూస్తాడు. దెబ్బలు తింటాడు, అయినా తన హోదా అంటే అతనికి మహా గర్వం. స్వేచ్ఛ ఇప్పిస్తా రమ్మని అట్టోలియా సైనికుడు అడిగితే నవ్వొస్తుంది అతనికి, ఆ అనాగరికుల దేశానికి తనెందుకు వెళ్ళాలి? యజమానిని ఎవరో విషం పెట్టి చంపేశారని, ఇక ఇంటి బానిసలందరికీ చావేనని కబురు వినబట్టి పారిపోతాడు గానీ, స్వేచ్ఛ కోసం కాదు. సంకెళ్ళలో ఉంటూనే తనకంటే కిందవాళ్ళని చూసి తృప్తి పడే మనిషిని ఇంత దగ్గరగా చూపించడం తేలిక కాదు. మన ఊళ్ళలో దివాణాల దగ్గర పనిచేసిన గుమాస్తాల కథలు విన్నవాళ్ళకి కామెట్ కొత్తవాడేం కాదు. ఇద్దరు మనుషులు నడిచి పారిపోవడమే కథంతా, ఐనా బోర్ కొట్టదు.

చివరి పుస్తకం దగ్గరే నాకు తగువు. చెప్పేవాడు ఫెరిస్ అనే మాట రాని పిల్లవాడు, కాలూ చెయ్యీ సరిగ్గా లేనివాడు, రాజుకి బద్ధశత్రువైన జమీందారు అవమానించడానికి కొలువుకి పంపిన మనవడు. ఫెరిస్ అద్భుతంగా ఉన్నాడు. మాట్లాడలేనివాడి ముందు పెద్దవాళ్ళు ఏమైనా మాట్లాడేస్తారు, కాబట్టి అతనికి అన్నీ తెలుసు. కానీ సగం దాటాక మీడ్‌ల దండయాత్ర మొదలై, దళాలు, సేనానులు, ఎప్పుడో పరిచయమైన సామంతుల పేర్లు, ఇవన్నీ మీద పడి ఊపిరాడదు. పైగా దేవతల జోక్యం ఎక్కువైంది. యూజెనిడిస్ మీద దేవుడి చెయ్యి ఉందని, అతను పడిపోడని ముందునుంచే మనకి తెలుసు కాబట్టి యుద్ధంలో అతని కోసం టెన్షన్ పడటానికేం ఉండదు. చెయ్యి తిరిగి ఇవ్వని దేవతలు యుద్ధం దగ్గరకొచ్చేసరికి ఇంత ఉదారంగా ఎందుకు మారారో నాకు అర్థం కాలేదు.

ఇంకో లోటు, బహుశా పెద్దదే. ఎడ్డిస్ రాణి హెలెన్. పొట్టిగా, విరిగిన ముక్కుతో, అందగత్తె అని ఎవరూ అనని మనిషి, ప్రజలు నిజంగా ప్రేమించే రాణి ఈ మొత్తం కథలో ఆమె ఒక్కతే. తన దేశం ఉన్న కొండ అగ్నిపర్వతమై పేలబోతోందని ఆమెకి కలలో కనిపిస్తుంది. అందుకే తన దేశాన్ని మెల్లగా పొరుగు రాజ్యాల్లో కలిపేసి, జనాన్ని కిందికి దించే పనిలో పడుతుంది. కారణం బయటికి చెప్పుకోలేదు. యూజెనిడిస్ చెయ్యి పోగొట్టుకున్నాడు, సోఫోస్ నిద్ర పోగొట్టుకున్నాడు, ఈమె దేశాన్నే పోగొట్టుకోబోతోంది. ఆరు పుస్తకాల్లో సైనికుడి కళ్ళతో చూశాం, గుమాస్తా చెప్పాడు, మాట రాని పిల్లవాడు కూడా చెప్పాడు, హెలెన్ తన నోటితో చెప్పుకున్న పుస్తకం ఒక్కటీ లేదు. అంతమంది రైతుల్ని, గొర్రెల కాపరుల్ని తరాల నాటి ఇళ్ళు వదిలి రమ్మని ఎలా ఒప్పిస్తుంది, రామని భీష్మించిన ముసలివాళ్ళతో ఏం మాట్లాడుతుంది, దిగువన ఉన్నవాళ్ళు వీళ్ళని రానిస్తారా? యుద్ధానికి ఇచ్చిన పేజీల్లో సగం దీనికి ఇచ్చి ఉంటే ఆఖరి పుస్తకం మీద నాకు ఇంత కోపం ఉండేది కాదు.