సంతకం పెట్టినవాడికే శిక్షా?

2025 జూన్ 22, ఆదివారం తెల్లవారకముందే అమెరికా బీ-2 బాంబర్లు ఇరాన్ మీద విరుచుకుపడ్డాయి. ఫర్దో, నతాంజ్ అణు కేంద్రాలపై ఒక్కోటి పదమూడున్నర టన్నుల బరువుండే బాంబులు 14 వేశాయి. ఇస్ఫహాన్ మీదికి జలాంతర్గామి నుంచి క్షిపణులు వదిలారు. ఇరాన్ విషయం రెండు వారాల్లో తేలుస్తానని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ చెప్పింది గురువారం. వాషింగ్టన్‌లో శనివారం రాత్రి కాకముందే దాడి పూర్తయిపోయింది. అమెరికాపై ఇరాన్ దాడి చేయలేదు. భద్రతా మండలి అనుమతి లేదు. సొంత చట్టసభ అయిన కాంగ్రెస్‌నైనా ట్రంప్ అడగలేదు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలోని 2వ అధికరణం మరో దేశంపై బలప్రయోగాన్ని నిషేధిస్తోంది. సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణకు మాత్రమే 51వ అధికరణం మినహాయింపు ఇస్తోంది. ఆ మినహాయింపులో ఈ దాడి ఏ కోణంలోనూ ఇమడదు. ఇది దురాక్రమణ. ఆ మాట పలకడానికి ప్రపంచ రాజధానులు ఎందుకు నీళ్లు నములుతున్నాయన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఇరాన్ దగ్గర 60 శాతం స్థాయికి శుద్ధి చేసిన యురేనియం 400 కిలోలకు పైగా ఉందని, కరెంటు ఉత్పత్తికి అంత శుద్ధి అక్కర్లేదని దాడిని సమర్థించేవారు అంటున్నారు. నిజమే, ఆ అనుమానం తీసిపారేసేది కాదు. అనుమానం తీర్చుకోవడానికే కదా అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ ఉన్నది, తనిఖీలు ఉన్నది! అమెరికా తదితర దేశాలతో చేసుకున్న 2015 అణు ఒప్పందం ప్రకారం ఇరాన్ 3.67 శాతం దాటి శుద్ధి చేయకూడదు. ఆ షరతుకు ఇరాన్ కట్టుబడి ఉందని తనిఖీ సంస్థ పదేపదే ధ్రువీకరించింది. 2018 మే 8న ఆ ఒప్పందంలోంచి బయటికి నడిచింది ట్రంపే. 60 శాతం శుద్ధి మొదలైంది ఆ తర్వాత, 2021లో. ఉన్న కంచెను తనే పీకేసి, పశువు చేలో పడిందని ఇల్లు తగలబెట్టినట్టుంది ఈ వ్యవహారం.

ఇరాన్ అణ్వాయుధం తయారు చేయడం లేదన్నది తమ నిఘా సంస్థల అంచనా అని అమెరికా జాతీయ నిఘా డైరెక్టర్ తులసి గబార్డ్ 2025 మార్చిలో సెనేట్ కమిటీ ముందు చెప్పారు. ఆమె ఏం చెప్పినా తనకు లెక్కలేదని ట్రంప్ కొట్టిపారేశారు. 2003లో ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని భద్రతా మండలికే అబద్ధం చెప్పి యుద్ధానికి దిగారు. అప్పుడు కనీసం సాక్ష్యం ఉన్నట్టు నటించారు. ఇప్పుడు సాక్ష్యం అవసరమే లేదంటున్నారు.

మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగిస్తున్నది ఈ దాడితో పడిన దారి. ఇరాన్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేసిన దేశం. తనిఖీ అధికారులు ఏళ్ల తరబడి ఆ కేంద్రాల్లోకి వెళ్లి వస్తుండేవారు. అమెరికాతో చర్చలు నడుస్తుండేవి. ఒమన్ రాజధాని మస్కట్‌లో జూన్ 15న ఆరో విడత జరగాల్సి ఉండగా, రెండు రోజుల ముందు ఇజ్రాయెల్ బాంబులు కురిపించింది. శాస్త్రవేత్తలను ఇళ్లలోనే చంపింది. ఇప్పుడు అమెరికా చేయి కలిపింది. దాడి చేసిన ఇజ్రాయెల్ ఆ ఒప్పందంలో సంతకమే పెట్టలేదు. దిమోనాలోని తన అణు కేంద్రంలోకి తనిఖీ అధికారులను రానివ్వదు. అణ్వాయుధాలున్నాయని ప్రపంచమంతటికీ తెలిసినా నోరు విప్పి ఒప్పుకోదు. సంతకం పెట్టి, తలుపు తెరిచి, చర్చలకు కూర్చున్న దేశం మీద బాంబులు; మూడిట్లో ఏదీ చేయని దేశానికి ఆయుధాలూ డాలర్లూ.

దీన్నుంచి మిగతా దేశాలు ఏం నేర్చుకుంటాయి? లిబియా 2003లో తన అణు కార్యక్రమాన్ని వదులుకుంది. ఎనిమిదేళ్లకు నాటో విమానాలు దాని మీద పడ్డాయి, గడాఫీని చంపేశారు. ఇరాక్ దగ్గర ఏమీ లేదు, దాన్ని ఆక్రమించారు. ఉత్తర కొరియా ఒప్పందాన్ని వదిలేసి బాంబు చేసుకుంది. దాని అధినేతతో ఇదే ట్రంప్ 2018లో సింగపూర్‌లో కరచాలనం చేశారు. బాంబు ఉన్నవాడికి మర్యాద, లేనివాడికి మరణం అన్న పాఠం ఇంతకన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఒప్పందం నుంచి తప్పుకుందామని ఇరాన్ పార్లమెంటు సభ్యులు ఇప్పటికే అన్నారు. రేపు నిజంగా తప్పుకుంటే ఆ దేశాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికుంది?

ఇలాంటి దాడిని ప్రపంచం ఒకప్పుడు తప్పుపట్టగలిగింది కూడా. 1981 జూన్ 7న ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ను ఇజ్రాయెల్ విమానాలు కూల్చాయి. పన్నెండు రోజుల్లో భద్రతా మండలి 487వ తీర్మానంతో ఆ దాడిని ఏకగ్రీవంగా ఖండించింది. అమెరికాలో అప్పుడున్నది రీగన్ ప్రభుత్వం. అదీ ఖండనకే ఓటేసింది. ఇజ్రాయెల్ తన అణు కేంద్రాలను అంతర్జాతీయ పర్యవేక్షణ కిందికి తేవాలని అదే తీర్మానం కోరింది. 2025కి 44 ఏళ్లయినా ఆ పని జరగలేదు. ఇప్పుడు ఖండించాల్సిన కుర్చీలో కూర్చున్నవాడే బాంబులేశాడు.

ఈ దారి ఎంత ప్రమాదకరమో మన దేశానికి చెప్పనక్కర్లేదు. ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయరాదని భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ వచ్చినా, పుల్వామా జరిగినా ఆ ఆనవాయితీ ఆగలేదు. 2025 మే నెల ఘర్షణల్లో పాకిస్థాన్‌లోని కిరానా కొండల్లో ఉన్న అణు స్థావరాన్ని మనవాళ్లు కొట్టారని టీవీల్లో, ఫోన్లలో ఊదరగొడితే, అలాంటిదేమీ చేయలేదని మన వైమానిక దళ ఉన్నతాధికారి విలేకరుల ముందు స్పష్టంగా చెప్పారు. దాటకూడని గీత అంటూ ఒకటి ఉందని బద్ధశత్రువులుగా ఉన్న మన రెండు దేశాలకూ తెలుసు. హైదరాబాద్ నగరంలోనే అణు ఇంధన సముదాయం ఉంది. చుట్టూ లక్షల ఇళ్లున్నాయి. అణు కేంద్రాలపై బాంబులు వేయడం మామూలైపోయిన ప్రపంచంలో ఆ ఇళ్లలో ఉన్నవారి గతేమిటో ఇరాన్ పతనాన్ని పండగ చేసుకుంటున్న మన టీవీ యాంకర్లు ఒక్క క్షణం ఆలోచించాలి.

ఇరాన్ పాలకుల మీద మాకు ప్రేమ లేదు. వామపక్షీయులను వేటాడి, 1988లో వేల మంది రాజకీయ ఖైదీలను జైళ్లలోనే ఉరితీసిన పాలన అది. 2022లో మహ్సా అమీనీ మరణం తర్వాత వీధుల్లోకి వచ్చిన ఆడపిల్లలపై కాల్పులు జరిపిన పాలన. దాన్ని మార్చే హక్కు ఇరాన్ ప్రజలది, పెంటగాన్‌ది కాదు. 1953లో ఇరాన్ ప్రధాని మొసాద్దెక్ ప్రజా ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ నిఘా సంస్థలు చమురు కోసం కూల్చకపోయి ఉంటే రాజు షా నియంతృత్వమూ, దాని మీద తిరుగుబాటును మతపెద్దలు సొంతం చేసుకోవడమూ ఉండేవా? మహిళల స్వేచ్ఛ పేరుతో రెండు దశాబ్దాలు అఫ్గానిస్థాన్‌ను ఆక్రమించి, చివరికి మళ్లీ తాలిబన్ల చేతికే అప్పగించిపోయినవాళ్లు ఇప్పుడు ఇరాన్ మహిళల గురించి మాట్లాడుతున్నారు. ఇజ్రాయెల్ దాడులు మొదలైన పదో రోజుకే ఇరాన్‌లో మృతులు 400 దాటారు.

యూరప్ తీరు మరీ ఘోరం. ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణు విద్యుత్ కేంద్రాన్ని 2022లో రష్యా సేనలు పట్టుకున్నప్పుడు అణు భద్రత గురించి ఈ దేశాలు చేసిన హెచ్చరికలు సరైనవే. ఇప్పుడు ఆ గొంతులేవీ? ఇజ్రాయెల్ మనందరి కోసం మురికి పని చేస్తోందని జర్మనీ ఛాన్సలర్ మెర్జ్ కెమెరాల ముందే అన్నారు. ఇరాన్ చర్చలకు రావాలని బ్రిటన్ ప్రధాని స్టార్మర్ సలహా ఇచ్చారు. చర్చల్లో ఉండగానే కదా ఇరాన్ మీద బాంబులు పడింది! రష్యాకు ఒక చట్టం, అమెరికాకు మరో చట్టం అయితే దాన్ని చట్టం అని ఎవరూ అనరు.

గల్ఫ్ దేశాల్లో 80 లక్షలకు పైగా భారతీయులు బతుకుతున్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు వాళ్లలో ఎందరో. ఖతార్‌లోని అల్ ఉదెయిద్, బహ్రెయిన్‌లోని నౌకాదళ కేంద్రం వంటి అమెరికా స్థావరాలు వాళ్ల లేబర్ క్యాంపులకు ఎంతో దూరంలో లేవు. ఇరాన్ ఎదురుదెబ్బ తీస్తే మొదట వణికేది అక్కడి మన ఇళ్లే. గల్ఫ్ చమురు బయటికొచ్చే హోర్ముజ్ జలసంధి మూతపడితే ఇక్కడ గ్యాస్ బండ నుంచి బస్సు చార్జీ దాకా అన్నీ పెరుగుతాయి.

మరి ఢిల్లీ ఏం చేసింది? గాజాలో కాల్పుల విరమణ కోరుతూ జూన్ 12న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో పెట్టిన తీర్మానానికి 149 దేశాలు ఓటేస్తే మనం తటస్థంగా కూర్చున్నాం. ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడిని మనమూ సభ్యులమైన షాంఘై సహకార సంస్థ జూన్ 14న ఖండిస్తే, ఆ చర్చల్లో మేం లేమని మన విదేశాంగ శాఖ పక్కకు తప్పుకుంది. ఆదివారం ప్రధాని మోదీ ఇరాన్ అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడి ఆందోళన తెలిపారు, ఉద్రిక్తత తగ్గించుకోవాలన్నారు. దాడి చేసిందెవరో పేరెత్తలేదు. అదే ఇరాన్, మూసేసిన తన గగనతలాన్ని మన విద్యార్థుల విమానాల కోసం అంతకు ముందే తెరిచింది.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం కొందరికి హక్కులు, మిగతావారికి ఆంక్షలు పెట్టే పక్షపాత ఒప్పందమని వాదించి సంతకం చేయడానికి నిరాకరించిన దేశం మనది. ఆ పక్షపాతం ఇంత నగ్నంగా బయటపడిన రోజున అందరికన్నా ముందు మాట్లాడాల్సింది మనమే. మన పాలకులు 2005లో అమెరికాతో అణు ఒప్పందం కోసం అంతర్జాతీయ అణు ఇంధన సంస్థలో ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. 2019లో అమెరికా ఆంక్షలకు తలొగ్గి ఇరాన్ చమురు కొనడం మానేశారు. ఇంకెంత వంగుతారు? 2003 ఏప్రిల్‌లో, వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా, ఇరాక్‌పై అమెరికా దాడిని ఖండిస్తూ, సేనలు వెంటనే వెనక్కి వెళ్లాలంటూ లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మూడు నెలల తర్వాత, ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా ఎంత ఒత్తిడి చేసినా ఆ ప్రభుత్వం పంపలేదు. నేటి పాలకులు ఆ వాజ్‌పేయి వారసులమనే చెప్పుకుంటున్నారు. వర్షాకాల సమావేశాల దాకా ఆగకుండా పార్లమెంటును పిలవండి. నాటి తీర్మానం రికార్డుల్లోనే ఉంది. అందులో ఇరాక్ అని ఉన్నచోట ఇరాన్ అని రాయడానికి మీకు భయమెందుకు?