తుపాకీ ఉన్నవాళ్లు మారరన్న మాట నిజం కాదు

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా రెండు రోజుల్లోపే ఒక మాట మళ్లీ తిరగడం మొదలవుతుంది. 2015లో బ్రిటన్ జర్నలిస్టు ఒకరు ట్విటర్‌లో రాసిన మాట అది. శాండీ హుక్ స్కూలు ఘటనతోనే అక్కడ తుపాకుల చర్చ ముగిసిపోయిందని, పసిపిల్లలు చచ్చిపోయినా భరించవచ్చని ఆ దేశం ఒకసారి తేల్చుకున్నాక ఇక మాట్లాడటానికేమీ మిగల్లేదని దాని సారాంశం. మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి దానికి ఇంకొన్ని తోకలు తగిలాయి. తుపాకీ ఉన్నవాడు చచ్చినా మారడట. సొంత ఇంట్లో శవం లేస్తే తప్ప బుద్ధి రాదట. మారినా ఒరిగేదేమీ లేదట.

కోపంలోంచి, దుఃఖంలోంచి పుట్టిన మాటే, కాదనను. కానీ నిజం కాదు. పైగా దాన్ని నమ్మినవాళ్లు తమ చుట్టాల్లో, స్నేహితుల్లో తుపాకీ కొన్న మనిషితో ఆ విషయం ఎత్తడమే మానేస్తారు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు తుపాకులున్నాయి. అందుకే దీన్ని ఊరికే వదిలేయకుండా ముక్కముక్కగా చూడాలి.

"శాండీ హుక్‌తోనే అంతా అయిపోయింది"

2012 డిసెంబర్ 14న ఆ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. నాలుగు నెలల తర్వాత, తుపాకీ కొనేవాళ్ల నేపథ్యాన్ని తనిఖీ చేసే పద్ధతిని మరిన్ని అమ్మకాలకు విస్తరించే ప్రతిపాదన సెనేట్‌కు వచ్చింది. తెచ్చింది ఎవరు? జో మాంచిన్, పాట్ టూమీ అనే ఇద్దరు సెనేటర్లు. తుపాకీ యజమానుల సంఘం ఎన్‌ఆర్‌ఏ, తుపాకీ హక్కులను గట్టిగా సమర్థించే నాయకులకిచ్చే 'ఎ' గ్రేడు ఇద్దరికీ ఉండేది. వెస్ట్ వర్జీనియాకు చెందిన మాంచిన్ అయితే 2010 ఎన్నికల ప్రచార ప్రకటనలో రైఫిల్ పట్టుకుని ఒక బిల్లు కాగితానికి గురిపెట్టి కాల్చిన మనిషి. అలాంటివాళ్లు ముందుకొచ్చారు. 54 ఓట్లు పడ్డాయి. కావాల్సినవి 60. అలా ఓడిపోయింది.

ఇక్కడే ఫార్వర్డ్ చేసేవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. 100 మంది సభలో 54 మంది ఒప్పుకున్నా బిల్లు ముందుకు కదలకపోవడం సెనేట్ నిబంధనల సంగతి. దాన్ని పట్టుకుని "జనం మనసు మారలేదు" అంటే ఎలా?

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయారు. మూడు వారాల్లో, రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న ఆ రాష్ట్ర శాసనసభ తుపాకీ కొనే వయసును 21 ఏళ్లకు పెంచింది. ప్రమాదకరంగా కనిపిస్తున్న వ్యక్తి దగ్గర నుంచి కోర్టు ఉత్తర్వుతో ఆయుధం తాత్కాలికంగా తీసుకునే చట్టం తెచ్చింది. సంతకం చేసిన గవర్నర్ రిక్ స్కాట్, ఎన్‌ఆర్‌ఏ మెచ్చుకున్న నాయకుడే. అదే రోజు ఎన్‌ఆర్‌ఏ కోర్టుకెక్కింది. 2022 జూన్‌లో, టెక్సస్‌లోని యువాల్డీ స్కూలు కాల్పుల తర్వాత, దాదాపు 30 ఏళ్లలో మొదటి పెద్ద కేంద్ర చట్టం వచ్చింది. దానికి 15 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఓటేశారు. ఈ చట్టాలు చాలవు అంటారా, నేనూ అదే అంటాను. చర్చ చచ్చిపోయింది అంటే మాత్రం ఒప్పుకోను.

"తుపాకీ ఉందంటే కంట్రోల్‌కు వ్యతిరేకే"

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017లో తుపాకీ ఉన్నవాళ్లను, లేనివాళ్లను విడివిడిగా అడిగింది. ప్రైవేటు అమ్మకాలకు కూడా నేపథ్య తనిఖీ ఉండాలన్నవాళ్లు తుపాకీ లేనివాళ్లలో 87 శాతం, ఉన్నవాళ్లలో 77 శాతం. తీవ్ర మానసిక సమస్యలున్నవాళ్లకు అమ్మకూడదన్న విషయంలో రెండు వర్గాల్లోనూ 89 శాతం ఒకే మాట చెప్పారు. ఏ తుపాకులను నిషేధించాలి, ఎక్కడికి తీసుకెళ్లనివ్వాలి అన్న దగ్గర తేడాలు బాగానే ఉన్నాయి. అవి ఉన్నంత మాత్రాన అందరినీ ఒకే గాటన కట్టేయలేం.

గ్యాబీ గిఫర్డ్స్ సంగతి చూడండి. అప్పట్లో ఆరిజోనా కాంగ్రెస్ సభ్యురాలు. సొంతంగా గ్లాక్ పిస్టల్ ఉన్న మనిషి. 2008లో వాషింగ్టన్ నగరం చేతి తుపాకుల మీద పెట్టిన నిషేధాన్ని కొట్టేయాలని సుప్రీంకోర్టుకు వెళ్లిన వినతిపత్రంలో ఆమె సంతకం కూడా ఉంది. 2011 జనవరి 8న టూసాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ బయట జనంతో మాట్లాడుతుండగా ఒకడు ఆమె తలలోకి కాల్చాడు. ఆరుగురు చనిపోయారు, వాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఒకరు. వాడి చేతిలో ఉన్నదీ గ్లాకే, 33 తూటాలు పట్టే మ్యాగజైన్‌తో. ఆమె బతికింది. మాట కూడబలుక్కోవడం మళ్లీ నేర్చుకుంది. 2013లో భర్త మార్క్ కెల్లీతో కలిసి తుపాకీ చట్టాల కోసం సంస్థ పెట్టింది. మార్క్ కెల్లీ మాజీ వ్యోమగామి, ఆయనకూ తుపాకులున్నాయి. తుపాకులను వదిలేయమని వాళ్లు ఎవరికీ చెప్పలేదు. తుపాకీ ఉన్నవాళ్లనే కూడగట్టి చట్టసభల ముందుకు తీసుకెళ్తున్నారు.

"సొంత ఇంట్లో దెబ్బ తగిలితేనే మారతారు"

ఈ ముక్కలో కొంత నిజముంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

1981 మార్చి 30న అధ్యక్షుడు రేగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీ తలకు తూటా తగిలింది. జీవితాంతం వీల్‌చెయిర్‌లో ఉండిపోయాడు. ఆయన భార్య శారా బ్రేడీ పేరు మీదే తర్వాతి పోరాటమంతా నడిచింది. భర్తకు తూటా తగలగానే ఆమె రోడ్డెక్కిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆమె ఎఫ్‌బీఐ ఉద్యోగి కూతురు, రిపబ్లికన్ కుటుంబం. ఆమెను కదిలించిన సంఘటన మూడేళ్ల తర్వాత, 1984 వేసవిలో, భర్త సొంతూరు సెంట్రేలియాలో జరిగింది. ఈతకు వెళ్దామని కుటుంబ స్నేహితులు పికప్ ట్రక్కులో వచ్చారు. ఐదేళ్ల కొడుకు ముందుగా ఎక్కి, సీటు మీద బొమ్మ తుపాకీ దొరికిందనుకుని తీసి తల్లికి గురిపెట్టాడు. బొమ్మదైనా సరే మనిషి వైపు పెట్టకూడదు నాన్నా అని చెప్తూ ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. బరువు తెలిసింది. నిజం తుపాకీ, లోపల తూటాలున్నాయి. తన భర్త తలలోకి తూటా దింపిన రకమే.

ఆ ట్రక్కు యజమాని చెడ్డవాడేమీ కాదు, స్నేహితుడు. భర్తను కాల్చినవాడు పిచ్చివాడని సరిపెట్టుకోవచ్చు. ఈ రెండో తుపాకీ విషయంలో అలా సరిపెట్టుకోవడానికి ఏముంది? మరుసటి ఏడాదే ఆమె చేతి తుపాకుల నియంత్రణ సంస్థలో చేరింది. చేతి తుపాకీ కొనేవాళ్ల నేపథ్యాన్ని తనిఖీ చేయాలనే బ్రేడీ బిల్లు 1993 నవంబర్‌లో చట్టమయ్యేదాకా ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో, 1991 మార్చిలో, ఎన్‌ఆర్‌ఏ సభ్యుడైన రేగన్ స్వయంగా న్యూయార్క్ టైమ్స్‌లో ఆ బిల్లును సమర్థిస్తూ వ్యాసం రాశాడు. 1981లో ఈ చట్టం ఉండి ఉంటే ఆ పీడకల వచ్చేది కాదేమో అన్నాడు.

మరి దెబ్బ తగలకుండా మారినవాళ్లు లేరా? ఉన్నారు, జే డికీ. ఆర్కాన్సాస్ కాంగ్రెస్ సభ్యుడు, కాంగ్రెస్‌లో ఎన్‌ఆర్‌ఏ మనిషినని చెప్పుకున్నాడు. తుపాకీ మరణాల మీద పరిశోధన చేస్తోందని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ బడ్జెట్ నుంచి 1996లో 26 లక్షల డాలర్లు తప్పించినవాడు. ఆ నిబంధనకు ఆయన పేరే ఉండిపోయింది. అప్పట్లో ఆ పరిశోధనకు పెద్దగా ఉన్న డాక్టర్ మార్క్ రోజెన్‌బర్గ్ ఆయనకు బద్ధ విరోధి. తర్వాత ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, స్నేహితులయ్యారు. 2012లో కొలరాడోలోని ఆరోరా సినిమా హాల్లో కాల్పులు జరిగిన వారానికి, పరిశోధనకు డబ్బివ్వాలని ఇద్దరూ కలిసి వాషింగ్టన్ పోస్ట్‌లో రాశారు. డికీ 2017లో చనిపోయాడు. 2019 చివర్లో కాంగ్రెస్ ఆ పరిశోధనకు మళ్లీ రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించింది. ఆయన ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఎదుటివాడు తనను వెధవలా చూడకుండా ఏళ్లపాటు ఓపిగ్గా మాట్లాడాడు, అంతే. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో మనకు ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ ఇదే.

"అక్కడ ఇంకొకరి దగ్గర తుపాకీ ఉంటే ఆపేసేవాళ్లు"

ఇది అవతలి పక్షం వాదన. కానీ మనవాళ్లు కూడా దీన్ని ఎదురులేని మాటలా ఒప్పుకుని "ఇక మాట్లాడి లాభం లేదు" అని తప్పుకుంటారు కాబట్టి దీనికీ జవాబు కావాలి. 2022లో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో సాయుధుడైన ఒక యువకుడు హంతకుణ్ని నిజంగానే ఆపాడు. అలాంటివి జరుగుతాయి. ఎప్పుడూ అలాగే జరుగుతుందని నమ్మడమే ప్రమాదం. 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్ సంగీతోత్సవం మీద హోటల్ 32వ అంతస్తు నుంచి తూటాల వర్షం కురిసింది. ఆ ఉత్సవంలో వాయించిన గిటారిస్టు కేలెబ్ కీటర్ మర్నాడు రాసినదాని సారాంశం ఇది: జీవితమంతా తుపాకీ హక్కును సమర్థించాను, నిన్న రాత్రి వరకూ. మా బృందం బస్సులో లైసెన్సు తుపాకులున్నాయి. వాటిని ముట్టుకుంటే పోలీసులు మమ్మల్నే హంతకులనుకుంటారని భయపడ్డాం.

ఆ భయం ఉత్తిది కాదు. టూసాన్‌లో గిఫర్డ్స్‌ను కాల్చిన చోటికి లైసెన్సు తుపాకీతో పరుగెత్తుకొచ్చిన ఒక యువకుడికి ముందు కనిపించింది, హంతకుడి చేతిలోంచి తుపాకీ లాక్కుని పట్టుకుని నిలబడ్డ మనిషి. అతన్నే హంతకుడనుకున్నాడు. కాల్చకుండా ఆగబట్టి సరిపోయింది.

"మారినా ఒరిగేదేమీ లేదు"

ఓడిపోయినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్ రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు క్రిస్ జేకబ్స్ 2022 మే నెలాఖరులో, యుద్ధ రైఫిళ్ల లాంటి తుపాకుల నిషేధానికి ఓటేస్తానన్నాడు. సొంత పార్టీయే అతని మీద విరుచుకుపడింది. వారం తిరిగేసరికి ఎన్నికల బరిలోంచి తప్పుకున్నాడు. టెనెసీ గవర్నర్ బిల్ లీ 2021లో పర్మిట్ లేకుండానే తుపాకీ పెట్టుకుని తిరిగే చట్టం మీద సంతకం పెట్టాడు. 2023 మార్చి 27న నాష్‌విల్‌లోని కవెనెంట్ స్కూల్లో ముగ్గురు పిల్లలు, ముగ్గురు పెద్దలు చనిపోయారు. ఆ పెద్దల్లో ఒకరు ఆయన భార్యకు స్నేహితురాలు, ఆ రాత్రి వాళ్లింటికి భోజనానికి రావాల్సిన మనిషి. ప్రమాదకర వ్యక్తుల చేతిలో తుపాకీ ఉండకుండా చట్టం చేయమని ఆయన సభను అడిగాడు. తాము రిపబ్లికన్లమని, తమ ఇళ్లలోనూ తుపాకులున్నాయని చెప్తూ ఆ స్కూలు తల్లిదండ్రులు శాసనసభ మెట్లెక్కారు. సభ వినలేదు.

చట్టసభ వినకపోయినా ఇంట్లో మార్పు ఆగదు. న్యూ హాంప్‌షైర్‌లో 2009లో ఒకే దుకాణంలో, వారంలోపు, ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు తుపాకీ కొని గంటల వ్యవధిలో ఆత్మహత్య చేసుకున్నారు. ఆ దుకాణం యజమాని నాకేం సంబంధం అనలేదు. ప్రజారోగ్య నిపుణులతో కలిసి కూర్చున్నాడు. తీవ్రమైన మనోవ్యథలో ఉన్న కొనుగోలుదారును ఎలా గుర్తించాలి, ఎలా వెనక్కి పంపాలి అని దుకాణదారులే తమలో తాము నేర్పుకునే కార్యక్రమం అక్కడ పుట్టి ఇతర రాష్ట్రాలకు పాకింది. ఇదేమీ చిన్న పని కాదు. అమెరికాలో 2021లో తుపాకీతో పోయిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్యలే. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో దాదాపు 90 శాతం బతకరు. వేరే మార్గంలో ప్రయత్నించి బతికిపోయినవాళ్లలో అత్యధికులు మళ్లీ ఆ దారిన పోరు. ఆ కొన్ని గంటలు చేతికి తుపాకీ అందకపోతే చాలు.

మార్పు ఎదురుదిశలోనూ జరుగుతుంది, అదీ దాచకూడదు. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ లోపు 75 లక్షల మంది అమెరికన్లు జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నారు, అందులో సగం మంది ఆడవాళ్లు. వాళ్లతోపాటు కోటీ పది లక్షల మంది ఇంటివాళ్లు కొత్తగా తుపాకీతో ఒకే కప్పు కింద బతకడం మొదలుపెట్టారు, 50 లక్షలకు పైగా పిల్లలతో సహా. భయంతో కొన్నవాళ్లే ఎక్కువ. కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2022లో వెలువరించిన అధ్యయనం మాత్రం చెప్పింది వేరు: చేతి తుపాకీ ఉన్నవాళ్లతో కలిసి బతికేవాళ్లు, తుపాకీ లేని ఇళ్లవాళ్లకన్నా జీవిత భాగస్వామి తూటాకు బలయ్యే అవకాశం ఏడు రెట్లు. అలా పోయినవాళ్లలో 84 శాతం ఆడవాళ్లు.

ఇక మనవాళ్ల సంగతి. 2023 మేలో టెక్సస్‌లోని అలెన్ మాల్ కాల్పుల్లో పోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ అమ్మాయి ఒకరు. ఆ వార్త తర్వాత "మనమూ ఒకటి కొనుక్కోవాలి" అన్నవాళ్లున్నారు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో హైదరాబాద్ విద్యార్థి ఒకరు తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడు. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మామూలుగా అక్కడ తుపాకీ కొనకూడదు, కానీ వేట లైసెన్సు తీసుకుంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. ఇక్కడున్న తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

కాబట్టి అక్కడున్న తమ్ముడికో, బావకో, కూతురికో ఫోన్ చేసినప్పుడు ఇంట్లో తుపాకీ ఉందా అని అడగండి. ఉందంటే తిట్టొద్దు, తగవు పెట్టుకోవద్దు. తాళం ఎక్కడుంది, తూటాలు వేరే పెట్టావా, పిల్లల ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఏం చేస్తున్నావు అని అడగండి. ఇంట్లో ఎవరి మనసైనా బాగా లేకపోతే కొన్నాళ్లు బయట భద్రపరచమనండి. డబ్బు తీసుకునో ఉచితంగానో అలా దాచిపెట్టే తుపాకీ దుకాణాలు, పోలీస్ స్టేషన్లు చాలాచోట్ల ఉన్నాయి. కొలరాడో లాంటి రాష్ట్రాల్లో అవి ఎక్కడెక్కడున్నాయో చూపించే మ్యాపులు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి.