పాత బండిని ఎంచుకునేటప్పుడు మోడల్ కన్నా ముందు చూడవలసినవి

పాత మోటార్‌సైకిల్‌ను కొని, పూర్తిగా విప్పి, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించాలని సంకల్పించుకున్నవారు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: జావా తీసుకోవాలా, బుల్లెట్టా, లేక యమహా ఆర్‌ఎక్స్ 100నా? నాన్న నడిపిన బండి, చిన్నప్పుడు వీధి మలుపు తిరుగుతుండగానే చప్పుడును బట్టి గుర్తుపట్టిన బండి ఏదైతే దానివైపే మనసు లాగుతుంది. అందులో తప్పేమీ లేదు. ఆ మమకారం లేనివారు నెలల తరబడి షెడ్డు చుట్టూ తిరగలేరు కూడా. అయితే మోడల్ గురించిన ప్రశ్న మూడోది కావాలి. ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండికి చెల్లుబాటయ్యే కాగితాలు ఉన్నాయా అన్నది మొదటిది. దాని మీద ఏ భాగాలు కరువయ్యాయి అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు తేలకుండా పేరు చూసి డబ్బు ఇచ్చేవారికి చివరకు మిగిలేది సెల్లార్‌లో సగం విప్పిన ఇనుము.

హైదరాబాద్‌లో కాగితాల వ్యవహారానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2014 జూన్ 2కు ముందు గుంటూరులో రిజిస్టరైన బండీ, ఖైరతాబాద్‌లో రిజిస్టరైన బండీ ఒకే రాష్ట్రానివి. ఇప్పుడు ఏపీ 09 బండి రికార్డు తెలంగాణలో ఉంటే ఏపీ 07 బండి రికార్డు పొరుగు రాష్ట్రంలో ఉంటుంది. ప్లేటు మీద రెండూ ఏపీ అనే కనిపిస్తాయి కనుక కొనేవారు ఈ తేడాను పట్టించుకోరు. రెండోదాన్ని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి కార్యాలయం ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఇక అరవైల, డెబ్బైల నాటి బండ్లకు ఏపీ 09 వంటి నంబర్లే ఉండవు. వాటికి పాత మూడక్షరాల సిరీస్ నంబర్లు, పుస్తకం రూపంలో ఇచ్చిన ఆర్సీలు ఉంటాయి. వాటి వివరాలు చేతితో రాసిన రిజిస్టర్లలో మొదలయ్యాయి కాబట్టి, అవి నేటి కంప్యూటర్ రికార్డులోకి ఎక్కాయో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏ కార్యాలయంలో తెలుసుకోవాలి.

యాజమాన్యపు వరుస తెగిపోవడం ఇంతకన్నా తరచుగా ఎదురయ్యే సమస్య. ఆర్సీలో పేరున్న మనిషి ఎప్పుడో కాలం చేసి ఉంటారు. బండి ఆయన కొడుకు చేతి నుంచి ఒక మెకానిక్‌కు, అతని నుంచి మరొకరికి వెళ్లి ఉంటుంది. ఎవరూ యాజమాన్య బదిలీకి కావలసిన ఫారం 29, 30 దాఖలు చేసి ఉండరు. యజమాని మరణించిన సందర్భంలో వారసులు ఫారం 31 ద్వారా ముందు తమ పేరిట మార్చుకోవాలి, ఆ తరువాతే అమ్మకం. వారసులు అందుబాటులో ఉండి, సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్న బండికి కొంత ఎక్కువ ధర ఇచ్చినా నష్టం లేదని నా గట్టి అభిప్రాయం. ఫారాలపై ముందే సంతకాలు చేయించి పెట్టామని, తేదీ మనమే వేసుకోవచ్చని చెప్పే అమ్మకందారును మాత్రం నమ్మకూడదు. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, ఆపై ప్రతి ఐదేళ్లకూ ఫిట్‌నెస్ తనిఖీతో పునరుద్ధరణ. ఆ పునరుద్ధరణ జరగకుండా ఆగిపోయిన బండికి ఆలస్య రుసుము, పెరిగిన హరిత పన్ను ఎంత పేరుకున్నాయో లెక్క కట్టించి ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగడం కొనేవారి హక్కు.

నంబర్లను కాగితం మీద కాకుండా లోహం మీద చదవాలి. చాసిస్ నంబరున్న చోట మట్టి, రంగు తుడిచి, తెల్ల కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటే, అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నా, ఒక అంకె మిగతావాటికన్నా లోతుగా పడినా వెంటనే తెలిసిపోతుంది. పాత బుల్లెట్లలోనూ జావాలలోనూ ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఒకటే కావడం పరిపాటి. అవి వేరుగా ఉన్నాయంటే ఎప్పుడో ఇంజిన్ మారిందని అర్థం. ఆ మార్పు ఆర్సీలో నమోదైతే నడపడానికి అభ్యంతరం ఉండదు గాని, అసలు రూపానికి తేవాలన్న ఉద్దేశం మాత్రం అక్కడికే ఆగిపోతుంది.

రెండో ప్రశ్న దగ్గర ఎక్కువమంది తలకిందులుగా ఆలోచిస్తారు. కిక్కు కొడితే ఇంజిన్ అందుకుందా అని చూసి సంతృప్తి పడతారు; బిగుసుకుపోయిన ఇంజిన్‌ను చూసి వెనక్కి తగ్గుతారు. నిజానికి సాధారణ మోడళ్లలో ఇంజిన్ లోపలి భాగాలే సులభంగా దొరికేవి. పిస్టన్లు, రింగులు, కనెక్టింగ్ రాడ్లు, ఆయిల్ సీళ్లు పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి, లేదా తెప్పించి ఇస్తారు. బేరింగులు ప్రామాణిక కొలతలవే కాబట్టి పాతదాని మీద అంకె చదివి రాణిగంజ్‌లో కొనుక్కోవచ్చు. బోరింగ్ (అరిగిన సిలిండర్‌ను లోపల తొలిచి వెడల్పు చేయడం), క్రాంక్ (పిస్టన్ కదలికను తిరగడంగా మార్చే ఇరుసు) ప్రెస్సింగ్ పనులకు బాలానగర్ వైపు లేత్ షెడ్లకు కొదవ లేదు. దొరకనివి పైన కనిపించేవే: ఆ మోడల్‌కు ఆ సంవత్సరంలో వేసిన హెడ్‌లైట్ తొడుగు, స్పీడోమీటర్, ట్యాంకు పక్కన మోకాలి రబ్బర్లు, ట్యాంకు మూత, టూల్‌బాక్సు తలుపు, చైన్ కవరు, అసలు సైలెన్సర్ల జత, పోతపోసిన లివర్లు. వీటిలో ఒక్కొక్కదాని కోసం గురువారం జుమ్మెరాత్ బజార్‌లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో నెలల తరబడి వెతకాలి. దొరికినా అది మన సంవత్సరానిది కాకపోవచ్చు. కొత్తగా చేసి అమ్మే నకళ్లు ఉన్నాయి. వాటి రేకు పలుచన, వంపులు వేరు, బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి కలవవు.

అందుకే తుప్పు పట్టినా అన్నీ ఉన్న బండి, మెరుస్తూ సగం లేని బండికన్నా మేలైనది. అమ్మకానికి ముందు తాజాగా రంగు వేసిన బండిని నేను మరింత అనుమానంగా చూస్తాను. రంగు కింద పుట్టీ ఉంటుంది, పుట్టీ కింద ఏముందో అయస్కాంతం పెట్టి చూస్తే గాని తెలియదు. ఫ్రేము వెల్డింగులను, స్టాండు బిగించే చెవులను, వెనుక భాగాన్ని కోసి పొట్టి చేశారా అన్న సంగతిని ముఖ్యంగా చూడాలి. బండ్లను కోసి కొత్త ఆకారం ఇచ్చే మోజులో ఎన్నో బుల్లెట్ల ఫ్రేములు తిరిగిరాని విధంగా పాడయ్యాయి. చట్టంలోని 52వ సెక్షన్ కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు. బండి ఎక్కడ పెరిగిందన్నదీ లెక్కలోకి తీసుకోవలసిందే. దక్కన్ పొడి గాలిలో ఉన్న రేకు నిలిచినట్టుగా మచిలీపట్నం, విశాఖ ఉప్పుగాలిలో ఉన్న రేకు నిలవదు. ట్యాంకు అడుగు, మడ్‌గార్డుల లోపలి అంచు, హెడ్‌లైట్ వెనుక గిన్నె ఆ కథను దాచలేవు.

ఇక మోడల్ సంగతి. తొలిసారి ఈ పనికి దిగేవారికి నేను చెప్పేది పాత బుల్లెట్ 350. ఇంగ్లండ్‌లో రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థతో కలిసి మద్రాస్ మోటార్స్ 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాక, ఆ 346 సీసీ పోత ఇనుము ఇంజిన్ దశాబ్దాల పాటు మౌలికంగా మారకుండా తయారైంది. కుడికాలి గేరు, స్పార్కును నియంత్రించే ప్లాటినం పాయింట్లు అన్నీ కంటికి కనిపించి, చేతికి అందే ఏర్పాట్లు. ఒక సంవత్సరపు భాగం చాలాసార్లు మరో సంవత్సరపు బండికి పనికొస్తుంది. అయితే దానిలో పాత బ్రిటిష్ మరలు ఉంటాయి. మిల్లీమీటర్ల స్పానర్లతో విప్పబోయి నట్ల మూలలు అరగదీసిన ఇంజిన్లు చాలా కనిపిస్తాయి. నట్ల తలలు చూస్తే ఆ బండి ఎలాంటి చేతుల్లో పడిందో చెప్పవచ్చు.

జావా, దాని తరువాతి పేరైన యెజ్దీలు మైసూరులో 1961 నుంచి 1996 వరకు తయారయ్యాయి. కిక్ రాడ్డే ముందుకు తిప్పితే గేరు లివర్ కావడం, రెండు స్ట్రోకుల ఒకే సిలిండర్‌కు ఇరువైపులా రెండు సైలెన్సర్లు ఉండటం వాటి అందం. ఇంజిన్ నిర్మాణం బుల్లెట్ కన్నా సరళం, కానీ క్రాంకు సీళ్లు గాలి లాగితే ఏ కార్బురేటర్ సవరణా పనిచేయదు. అందుచేత క్రాంకు పని తెలిసిన మేస్త్రీ దొరికాకే దీన్ని తీసుకోవాలి. 2018లో జావా పేరుతో మళ్లీ వచ్చిన బండి నాలుగు స్ట్రోకులది. దాని భాగాలు పాతదానికి ఉపయోగపడవు.

ఆర్‌ఎక్స్ 100 గురించి వేరుగా హెచ్చరించాలి. 1985 నుంచి 1996 వరకు వచ్చిన ఈ 98 సీసీ బండి మీద ఉన్న ప్రేమే దాని మార్కెట్టును పాడుచేసింది. గిరాకీ ఎక్కువ కావడంతో రెండు మూడు బండ్ల ముక్కలు కలిపి ఒకటిగా నిలబెట్టినవి, నంబర్లు చెరిపి మళ్లీ కొట్టినవి తారసపడతాయి. జపాన్ ఇంజిన్ అన్న ఒక్క మాటతో ధర పెంచేవారూ ఉన్నారు. రాజ్‌దూత్ 350 మరో మెట్టు పైది: 1983లో మొదలై ఆ దశాబ్దంతోనే ముగిసిన, రెండు సిలిండర్ల, ఆరు గేర్ల బండి. దాన్ని అన్ని భాగాలతో చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది, కాని అసలు భాగాల కోసం విదేశాల నుంచి తెప్పించుకునే స్తోమత లేనివారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. అరుదైన బండిని సగంలో వదిలేస్తే, మరొకరు సరిగా నిలబెట్టగలిగే అవకాశాన్ని కూడా మనం పాడుచేసినట్టే.

ఎంపికను ప్రభావితం చేయవలసిన మరో అంశం 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే ఈ హోదా వస్తుంది. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీగా నడపడానికి వీల్లేదు. ఆ లెక్కన 1985 నాటి ఆర్‌ఎక్స్ 100కు 2035 దాకా ఈ హోదా రాదు. అరవైల జావాకు ఇప్పుడే వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దాకా వెళ్లి రావాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకున్న బండే కావాలి. ఎక్కడ ఎలా నడపదలిచామో తేల్చుకున్నాకే ఏ సంవత్సరపు బండి కావాలో తేలుతుంది.

ఇంధనం సంగతి కూడా ధర మాట్లాడేనాడే ఆలోచించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు పైపులను, కార్బురేటర్ వాషర్లను మెత్తబరుస్తుంది. తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో వారాల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీరు చేరి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. ట్యాంకు లోపల టార్చి వేసి చూడకుండా ఏ బండికీ ధర చెప్పవద్దు. ఇథనాల్‌కు తట్టుకునే రకం పైపులు, సీళ్లు మార్చే ఖర్చును అంచనాలో ముందే వేసుకోవాలి.

బండిని చూడటానికి వెళ్లేటప్పుడు దాని మీద పనిచేయబోయే మేస్త్రీని వెంట తీసుకెళ్లడం, ఆయన సమయానికి డబ్బు ఇవ్వడం అన్నింటికన్నా చవకైన జాగ్రత్త. సిలిండర్ ఇప్పటికి ఎన్నోసారి బోరు అయింది, ఇంకో సైజు మిగిలి ఉందా, కేసు మీద వెల్డింగు మచ్చ ఎందుకుంది వంటివి ఆయన చెయ్యి పెట్టి చెప్పగలరు. కొనుగోలు ధర మొత్తం ఖర్చు అంచనాలో మూడో వంతు దాటకూడదన్నది నేను పాటించే లెక్క; మిగతా రెండు వంతులు క్రోమ్, రంగు, లేత్ పని, దొరకని రేకు ముక్కలు తినేస్తాయి. బేరం కుదిరాక కూడా పెద్ద మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, అమ్మకందారును వెంట పెట్టుకుని ఆర్టీఏలో రికార్డు సరిచూసుకుని, యాజమాన్య బదిలీ దరఖాస్తు రసీదు చేతికి వచ్చాక మిగిలినది చెల్లించాలి. స్పానర్ పట్టుకోవడం ఆ తరువాతే.