26 కిలోల బస్తా, కిలో డంబెల్

ఆడవాళ్లు బరువులెత్తడం మన సంప్రదాయానికి తగని పని. ఈ విషయంలో మా అపార్ట్‌మెంట్ పెద్దలది, నాది ఒకటే మాట. కండలొస్తాయి, గొంతు మారుతుంది, సంబంధాలు రావు. అందుకే జిమ్‌లో చేరిన ఆడపిల్ల చేతిలో ట్రైనర్ గులాబీరంగు కిలో డంబెల్ పెట్టి ట్రెడ్‌మిల్ వైపు దారి చూపిస్తాడు. బాధ్యత తెలిసిన మనిషి.

ఇంట్లో ఎత్తే బరువుల లెక్క వేరు. నిండు బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 దాకా తూగుతుంది. దాన్ని వంటింటి మూలకి చేర్చేది ఎవరో చెప్పక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఉండనే ఉంది. ఇక బియ్యం బస్తా: 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ పడగానే, అది పన్ను తప్పించుకోడానికి కాస్త ఒళ్లు చేసి 26 అయింది. లక్ష్య బరువు పెట్టుకుని, చేరుకుని, అక్కడే నిలబడ్డది నాకు తెలిసి అదొక్కటే. ఇవన్నీ మోసినా కండలొస్తాయని ఎవరూ భయపడరు. జీతం లేని బరువుకి కండ పట్టదు కాబోలు.

మనుషుల లక్ష్య బరువు మాత్రం ఎప్పుడో ఖరారైంది: పెళ్లిఫొటోలో ఎంతుంటే అంత. ఇద్దరు పిల్లలు పుట్టినా, యాభై దాటినా సవరణ లేదు. డాక్టర్లేమో మనవాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 18.5 నుంచి 23 లోపు, నడుము ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు. అంటే 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 47 నుంచి 59 కిలోల మధ్య ఎక్కడున్నా ఫరవాలేదన్నమాట. ఇంత ఉదారత పెద్దత్తయ్యకి మింగుడుపడదు. పైగా కొవ్వు కరిగి కండ పెరిగితే తూకం ముల్లు కదలకుండానే జాకెట్టు వదులవుతుందట. ముల్లు కదలకపోతే చుట్టాలకి ఏమని చెప్పుకోవాలి?

వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని పెట్టమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. జెనీవాలో కూర్చుని చెప్పడం తేలికే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనదే కదా అనుకుంటే, అదీ కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ అంటుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు! గుడ్డులో ఉండేది ఆరే. అన్నం కొండ మీద పప్పు బొట్టు పెట్టుకునే జాతిని పట్టుకుని అడగాల్సిన మాటేనా?

వినని వాళ్లకి ఒక హెచ్చరిక. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 54 కిలోల ఒంటి బరువు విభాగంలో ప్రపంచ ఛాంపియన్. బుద్ధిగా అక్కడ ఆగిందా? 2000లో సిడ్నీకి 69 కిలోల విభాగంలో వెళ్లి, మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయి కూర్చుంది. ఆవిడే మా బ్లాకులో ఉండి ఉంటే, మెడలో పతకం కనబడక ముందే లిఫ్టులో ఆపి అడిగేవాళ్లం: "కాస్త ఒళ్లొచ్చినట్టున్నావ్, థైరాయిడ్ చూపించుకున్నావా అమ్మా?"