అంతర సూది, అవగాహన సదస్సు

గర్భం రాకుండా సర్కారు వేయించే అంతర ఇంజెక్షన్‌ను ఒక్క డోసుతోనే మానేస్తున్నారట. ఎందుకో పెద్దలు ఎప్పుడో కనిపెట్టేశారు: ఆడవాళ్లకు అవగాహన లేదు. కాబట్టి సదస్సు. బ్యానర్ నిండా మగవాళ్ల ఫొటోలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. గర్భసంచి లేని మహానుభావులు గర్భసంచి మీద తలా పావుగంట సెలవిస్తారు. (వాళ్లలో వేసెక్టమీ, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఎందరికయిందని అడగడం మర్యాద కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నమ్ముకున్న జంటలు 0.4 శాతం, ఆడవాళ్ల ఆపరేషన్‌ను నమ్ముకున్నవి 69.6.) వెనక వరసలో ఒకావిడ లేచి, "రెండు నెలల్నుంచి ఆగకుండా అవుతోంది సార్" అంటుంది. సార్ మైకు సర్దుకుని, "అవన్నీ అపోహలమ్మా!" అంటారు. చీర మీద మరక కూడా అపోహే కాబోలు. చప్పట్లు. గ్రూపు ఫొటో. సమోసా.

మందు మంచిదే. 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ అనే హార్మోను మందు, మూడు నెలలకోసారి కండకు. వేళ తప్పకపోతే గర్భం రావడం బహు అరుదు. వయల్‌ను బాగా కుదిపి తీయాలి, లేదంటే మందు అడుగున పేరుకుని డోసు తగ్గుతుంది. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు త్వరగా ఒంట్లో కలిసిపోయి మూడు నెలలు నిలవదు. మనవాళ్లు సూది పడగానే చేసే మొదటి పని రుద్దడమే! ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పరు.

మొదట్లో నెలసరి అదుపు తప్పుతుందని, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి ఆగిపోతుందని చెప్పరు. ఆగితే చెడురక్తం లోపల పేరుకోదనీ, గర్భసంచి పొర పలచబడటమే కారణమనీ చెబితే ఆడవాళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లు. బరువు పెరగొచ్చు. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానేశాక చాలావరకు తిరిగొస్తుంది. మళ్లీ గర్భం రావడానికి ఆఖరి సూది నుంచి పది నెలలు పట్టొచ్చు. పైగా లూప్‌లాగా తీయించేసుకుందామంటే కుదరదు, వేశాక మూడు నెలలు భరించాల్సిందే.

ఇలా చెప్పకపోవడం మరుపు కాదు, అలవాటు. 1985లో పటాన్‌చెరు పీహెచ్‌సీలో నెట్-ఎన్ అనే మరో గర్భనిరోధక సూదికి ఆడవాళ్లను చేర్చుకుంటూ, అది ప్రయోగమని వాళ్లకు సరిగా చెప్పనేలేదు. హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఢిల్లీ మహిళా సంఘం సహేలీ తదితరులతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. తన ఒంట్లోకి ఏం పోతోందో ఆడమనిషికి చెప్పడానికి ఇంకెన్ని కోర్టులు కావాలయ్యా మీకు? చెబితే జడిసి వెళ్లిపోతారట. వెళ్లిపోనివ్వండి! గుచ్చకముందే వెళ్లిపోయే వీలుండాలనే కదా అడుగుతున్నది.